రామదండు నేర్పిన మాటనేర్పు

ఉద్దేశం

యువజన సేవాబృందాలకు నాయకత్వం వహించే విద్యార్థులలో మాటనేర్పును పెంపొందించడం, ఎదుటివారి మాట వినడం కూడా సంభాషణలో భాగమేనని గుర్తింపజేయడం, గుంటూరు, ప్రకాశం సీమల చరిత్రలో స్వచ్ఛంద సేవకులు నిర్వహించిన పాత్రను పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ నేపథ్యం

ప్రక్రియ: వ్యాసం. చీరాల, పేరాల ప్రజలు 1921లో సాగించిన అహింసాత్మక ప్రతిఘటనకు నాయకుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయన తీర్చిదిద్దిన స్వచ్ఛంద సేవాదళం పేరు రామదండు. నాడు చీరాల గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం జిల్లా అని పేరు వచ్చింది. 2022 పునర్విభజనలో చీరాల బాపట్ల జిల్లా పరిధిలోకి వచ్చింది. జిల్లాల హద్దులు మారినా ఆ ఉద్యమం నేర్పిన పాఠాలు మారలేదు. వాటిని నేటి యువతకు అన్వయించి చెప్పడమే ఈ వ్యాసంలోని విషయం.

పాఠం

1. ఆజ్ఞ లేని నాయకత్వం

సైన్యాధిపతి ఆజ్ఞాపిస్తాడు. కార్యాలయాధికారి ఉత్తరువు జారీ చేస్తాడు. యజమాని జీతమిచ్చి పని చేయించుకొంటాడు. ఈ మూడు సాధనాలలో ఒక్కటీ లేని నాయకుడొకడున్నాడు. అతడే స్వచ్ఛంద సేవాబృంద నాయకుడు. అతని వెంట నడిచేవారు జీతం కోసం రాలేదు. రేపు రానంటే వారిని శిక్షించే అధికారం అతనికి లేదు. మరి వారిని కలిపి ఉంచేది ఏది? నమ్మకం. ఆ నమ్మకాన్ని కలిగించేది, నిలిపేది, ఒక్కొక్కసారి క్షణంలో కూల్చేది కూడా మాటే.

నోరు మంచిదైతే ఊరు మంచిదన్న సామెత మనకు తెలిసినదే. అయితే సేవాబృంద నాయకునికి నోరు మంచిదైతే చాలదు, చెవి కూడా మంచిదై ఉండాలి. చెప్పదలచినది తనకు స్పష్టంగా తెలిసి ఉండాలి. అది వినేవారి భాషలో ఉండాలి. అన్నిటికంటె ముఖ్యంగా, అది తన ఒక్కడి మాటగా మిగిలిపోక అందరి మాట కావాలి. ఈ చివరి లక్షణం ఎంత విలువైనదో తెలుసుకోవడానికి మనం చీరాల దాకా వెళ్ళాలి.

2. ఊరు విడిచిన ప్రజలు

చీరాల, పేరాల పక్కపక్కనే ఉన్న ఊళ్ళు. నేత పని, వ్యవసాయం, చిన్న వ్యాపారం అక్కడి ప్రజల జీవనాధారం. యూనియన్‌గా ఉన్న ఈ ప్రాంతాన్ని 1919లో నాటి మద్రాసు ప్రభుత్వం పురపాలక సంఘంగా మార్చింది. అంతకుముందు ఏడాదికి 4,000 రూపాయల ప్రాంతంలో ఉండిన పన్ను 40,000 రూపాయల ప్రాంతానికి పెరిగింది. ఆ భారాన్ని మోయలేమని ప్రజలు మొరపెట్టుకొన్నారు. ఫలితం లేకపోవడంతో పన్ను చెల్లించడం మానుకొన్నారు. అందుకు కొందరికి జైలుశిక్షలు పడ్డాయి. శిక్ష అనుభవించినవారిలో రావూరి అలమేలుమంగమ్మ అనే స్త్రీ కూడా ఉండడం ఆ రోజులలో అపూర్వమైన విషయం.

ఈ పోరాటానికి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయన 1889లో కృష్ణా మండలంలోని పెనుగంచిప్రోలులో జన్మించాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పట్టం పొందాడు. విదేశీ విద్య నేర్చినా ఆయన మనసు తెలుగు పల్లెలలోనే ఉన్నది. చీరాలను కార్యక్షేత్రంగా చేసుకొని, యువకులను కూడగట్టి రామదండు అనే సేవాదళాన్ని తయారుచేశాడు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశం జరిగినప్పుడు, అక్కడికి తరలివచ్చిన జనసందోహాన్ని అదుపులో ఉంచి సేవలందించినది ఈ రామదండే.

ఆ సమావేశం ముగిసిన కొద్ది రోజులకే, 1921 ఏప్రిల్ 6న, గాంధీజీ చీరాలకు వచ్చాడు. ఆయన ప్రజల ముందు రెండు మార్గాలు ఉంచాడు. అహింసను వీడక పన్నుల నిరాకరణను కొనసాగించడం ఒకటి. పురపాలక సంఘం హద్దులు దాటి ఊరినే విడిచిపోవడం రెండవది. ప్రజలు రెండవ మార్గాన్ని ఎంచుకొన్నారు. సుమారు 15,000 జనాభాలో 13,000 మందికి పైగా ఇళ్ళు విడిచి, ఊరి వెలుపల పాకలు వేసుకొన్నారు. ఆ కొత్త నివాసానికి రామనగర్ అని పేరు పెట్టుకొన్నారు. ఎండాకాలంలో మొదలైన ఆ పాకల జీవితం వానలనూ చలినీ దాటి దాదాపు పదకొండు నెలలు సాగింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఇల్లు విడిచి రమ్మని ఒక కుటుంబాన్ని ఒప్పించడమే కష్టం. నేతగాని మగ్గం గుంటలో పాతుకొని ఉంటుంది. దానిని భుజాన వేసుకొని పోలేడు. బాలింత ఉన్న ఇంటివారి సందేహం ఒకటి, ముదుసలి తల్లిదండ్రులు ఉన్నవారి బెంగ మరొకటి. అంగడి నడుపుకొనేవాని లెక్క వేరు. వేలాది కుటుంబాలు, వేలాది ప్రశ్నలు. ఒక సభలో ఒక ఉపన్యాసం చేసినంతమాత్రాన ఇంతమంది కదలరు. అక్కడ పనిచేసినది ఉపన్యాసం కాదు, సంభాషణ. ఉపన్యాసంలో ఒకడు చెబుతాడు, పదిమంది వింటారు. సంభాషణలో చెప్పేవాడు కూడా వింటాడు.

3. వినేవారి భాషలో చెప్పడం

రామదండు అనే పేరునే పరిశీలించండి. స్వచ్ఛంద సేవకుడు ఎవరు, అతని ధర్మం ఏమిటి అని వివరించాలంటే గంటసేపు ప్రసంగించాలి. రామదండు అనగానే చదువురాని ముసలమ్మకు కూడా అర్థమవుతుంది. జీతం ఆశించక, ధర్మకార్యం కోసం సేతువు కట్టిన వానరసేన కళ్ళముందు మెదులుతుంది. రామనగర్ అనే పేరు కూడా అటువంటిదే. ఊరు వదిలి పాకలలో ఉన్నవారికి వనవాసం చేసిన రాముడు తోడైనాడు. వినేవారి మనసులో ముందే ఉన్న దీపాన్ని వెలిగించడమే మంచి మాట చేసే పని. కొత్త దీపాన్ని బయటినుంచి తెచ్చి పెట్టనక్కరలేదు.

గోపాలకృష్ణయ్య పాటతో, పద్యంతో, చమత్కారంతో, కథలతో సభలను రంజింపజేయగల వక్త. ఆంగ్లంలో అనర్గళంగా మాట్లాడగల ఆయన, నేతగాండ్ర ముందు ఆ పాండిత్యాన్ని ప్రదర్శించలేదు. ప్రజలకు పరిచయమైన పురాణకథల భాషలోనే దేశ విషయాలు చెప్పాడు. ఆయన గురించి మరొక విశేషం కూడా తెలుసుకోవాలి. నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని ఆనంద కుమారస్వామితో కలిసి ఆంగ్లంలోకి అనువదించినవాడు ఆయనే. ఆ గ్రంథం 1917లో వెలువడింది. చేతి కదలికకు, కంటి చూపుకు, నిలుచునే తీరుకు అర్థముంటుందని చెప్పే శాస్త్రమది. నాయకుని నోరు తెరుచుకోకముందే అతని ముఖం మాట్లాడుతుంది. రక్తదాన శిబిరానికి రమ్మని పిలుస్తూ చేతిలోని ఫోను వంకే చూస్తుండే నాయకుని పిలుపును ఎవరు నమ్ముతారు?

4. సత్యమైనా పరుషం కారాదు

మాటనేర్పును గూర్చి మన ప్రాచీనులు ఎంతో సూక్ష్మంగా ఆలోచించారు. రామాయణంలోని కిష్కింధాకాండలో హనుమంతుడు మొదటిసారి రామలక్ష్మణులను కలుసుకొని మాట్లాడతాడు. అతని మాట ముగియగానే రాముడు లక్ష్మణునితో ఆ మాటతీరును మెచ్చుకొంటాడు. అతడు అనవసరంగా సాగదీయలేదు. సందేహానికి తావివ్వలేదు. తొందరపడలేదు, నట్టలేదు. మరీ బిగ్గరగా కాక, మరీ మెల్లగా కాక మధ్యమస్వరంలో పలికాడు. మాట్లాడుతున్నప్పుడు ముఖంలోగాని, కనుబొమలలోగాని ఏ వికారమూ కనిపించలేదు. వేల సంవత్సరాలనాటి ఈ పరిశీలన నేటి యువనాయకునికి కూడా చక్కని కొలబద్ద. హనుమంతుడు ఆ సమయంలో వెళ్ళినది సుగ్రీవుని దూతగా అన్న సంగతి గమనించాలి. తన గొప్ప చెప్పుకోవడానికి కాదు, తనను పంపినవాని అవసరాన్ని చెప్పడానికి అతడు నోరు తెరిచాడు.

మహాభారతంలోని ఉద్యోగపర్వం మాటల యుద్ధరంగం. దీనిని తెనిగించిన తిక్కన సోమయాజి నెల్లూరు వాసి. ఆయన తాతగారైన మంత్రి భాస్కరుడు గుంటూరును పాలించినవాడు. ఈ పర్వంలో పాండవుల పక్షాన ద్రుపదుని పురోహితుడు కౌరవసభకు వెళతాడు. పాండవులకు జరిగిన అన్యాయమంతా నిర్మొగమాటంగా చెబుతాడు. ఆయన మాటలలో అసత్యం లేదు. భీష్ముడు కూడా అదే ఒప్పుకొంటూ, మాటలు నిజమైనవే కాని మిక్కిలి తీక్ష్ణంగా ఉన్నాయని అంటాడు. ఆ వెంటనే కర్ణుడు కోపంతో అడ్డుతగులుతాడు. సభ దృష్టి న్యాయం మీదనుంచి మాట తీరు మీదికి మళ్ళుతుంది. సత్యం ఓడిపోలేదు కాని, వినేవారి చెవిదాకా చేరలేదు.

సేవాబృందాలలో తరచు జరిగేది ఇదే. ఆలస్యంగా వచ్చిన సభ్యుణ్ణి అందరి ముందు నిలదీస్తే నాయకుడు చెప్పినది నిజమే అవుతుంది, కాని ఆ సభ్యుడు మరునాడు రాడు. పక్కకు పిలిచి, ఏమైనా ఇబ్బంది ఉన్నదా అని ముందు అడగాలి. తెల్లవారుజామున తల్లితోపాటు మిరపకోతకు వెళ్ళి వచ్చాడేమో ఎవరికి తెలుసు? పొగడ్త పదిమందిలో, మందలింపు ఏకాంతంలో అన్నది సేవాబృంద నాయకుడు మరువరాని సూత్రం.

5. ప్రజలున్న చోటికి పోవడం

మాట ఎంత మంచిదైనా వినేవారు దగ్గర లేకపోతే వ్యర్థం. ఈ సత్యాన్ని గ్రంథాలయోద్యమకారులు బాగా గ్రహించారు. చీరాల పక్కనే ఉన్న వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం వెలసింది. దానిని నెలకొల్పినవారు ఆ ఊరి యువజన సంఘంవారు. ఆ గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశాడు. గుంటూరు మండలంలోని పెదపాలెంలో పాతూరి నాగభూషణం మరొక అడుగు ముందుకు వేశాడు. ఆ రోజులలో కృష్ణా కాలువలపై ప్రజలు పడవలలో ప్రయాణం చేసేవారు. ప్రయాణం గంటల తరబడి సాగేది. ప్రజలు గ్రంథాలయానికి రాకపోతే గ్రంథాలయమే ప్రజల వద్దకు పోవాలని ఆయన భావించి, 1935లో కాలువ పడవలో పుస్తకాలను ఏర్పాటుచేశాడు. ఖాళీగా కూర్చున్న బాటసారి చేతికి పుస్తకం అందింది.

దీనిని నేటి పరిస్థితికి అన్వయించుకొందాం. జాతీయ సేవా పథకం 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాలలో ప్రారంభమైంది. నేను కాదు, నువ్వు అనే భావం దాని ఆశయం. మీ కళాశాల బృందం ఆ పథకం కింద మిరప పండించే ఒక పల్లెలో ఏడు రోజుల శిబిరం నిర్వహిస్తున్నదనుకొందాం. కోతల కాలం. పురుగుమందుల వాడకంలో తీసుకోవలసిన జాగ్రత్తలు చెప్పాలని మీ సంకల్పం. ఉదయం పది గంటలకు పంచాయతీ కార్యాలయం దగ్గర సభ అని ప్రకటించారు. ఎవరు వస్తారు? కూలీలు తెల్లవారకముందే చేలకు పోయి ఉంటారు. రైతు కల్లంలో కాయలు ఆరబోసుకొంటూ ఉంటాడు. కోతల కోసం కర్నూలు ప్రాంతంనుంచి వలస వచ్చినవారు ఊరి చివర గుడారాలలో ఉంటారు. ఊరిలో వేయించిన దండోరా వారిదాకా చేరదు. అందువల్ల సభ పెట్టేముందు, ఎవరు ఏ వేళకు ఎక్కడ ఉంటారో తెలుసుకోవడం నాయకుని మొదటి పని. రైతుతో కల్లం దగ్గర, కూలీలతో సాయంకాలం గుడారాల దగ్గర మాట్లాడాలి. గృహిణులతో వారికి తీరిక దొరికే వేళ మాట్లాడాలి.

6. స్పష్టత

పురుగుమందులు ప్రమాదకరం అని చెప్పినంతమాత్రాన ప్రయోజనం లేదు. ఆ సంగతి రైతుకు మీకంటె బాగా తెలుసు. మందు డబ్బాను చేతికి తీసుకొని దానిపై ఉన్న త్రికోణాన్ని చూపించండి. ఎరుపు రంగు త్రికోణముంటే అది అత్యంత విషపూరితం. పసుపు రంగు దాని తరవాతది. నీలం రంగు మధ్యస్థం. ఆకుపచ్చ రంగు తక్కినవాటికంటె తక్కువ విషమున్నది. అక్షరాలు రానివారు కూడా రంగును గుర్తుపట్టగలరు. గాలికి ఎదురుగా నిలిచి మందు చల్లరాదని నోటితో చెప్పడంకన్నా, గుప్పెడు దుమ్ము గాలిలోకి వదిలి అది ఎటు పోతున్నదో చూపితే ఆ పాఠం మరపురాదు. తడినేల మీద కాయలు ఆరబోస్తే బూజు పట్టి, ఆ బూజునుంచి విషపదార్థం పుట్టే ప్రమాదమున్నదని చెప్పేటప్పుడు, ఆరోగ్యంతోపాటు ధర కూడా ఎందుకు తగ్గుతుందో వివరించాలి. వినేవాని జీవితంతో ముడిపడిన మాటే అతని మనసులో నాటుకొంటుంది.

బృంద సభ్యులకు ఇచ్చే సూచనలలో కూడా స్పష్టత ఉండాలి. రేపు అందరూ పెందలాడే వచ్చి పని చూసుకోండి అనే సూచనలో ఎన్ని లోపాలున్నాయో గమనించండి. పెందలాడే అంటే ఒకరికి ఐదు గంటలు, మరొకరికి ఎనిమిది. అందరూ అంటే ఎవరికి వారు ఇంకొకరు చూసుకొంటారనుకొంటారు. రేపు ఉదయం ఆరు గంటలకు రామాలయం దగ్గర కలుసుకొందాం, మొదటి జట్టు పలుగులు, పారలు తేవాలి, రెండవ జట్టు తాగునీరు చూడాలి అని చెప్పితే అనుమానానికి తావుండదు. ఎవరు, ఏ పని, ఎక్కడ, ఎప్పుడు, దేనితో అనే ఐదు ప్రశ్నలకు సమాధానమున్న సూచనే సంపూర్ణమైన సూచన. చెప్పిన తరవాత, అర్థమైందా అని అడగవద్దు. అర్థం కాకపోయినా అయిందనే అంటారు. మీరు ఏం చేయబోతున్నారో ఒకసారి చెప్పండి అని అడగాలి.

తీరప్రాంతవాసులకు ఈ స్పష్టత ప్రాణావసరం. 1977 నవంబరు 19నాటి ఉప్పెన దివిసీమను, గుంటూరు జిల్లా తీరాన్ని ముంచి వేలాది ప్రాణాలను బలిగొన్నది. తుఫాను వేళ ఇంటింటికి తిరిగే సేవకుడు వాయుగుండం తీరం దాటుతుందన్న వార్తను యథాతథంగా వినిపిస్తే సరిపోదు. రాత్రి ఎనిమిదిలోగా బడి భవనానికి చేరండి, పశువుల పలుపులు విప్పండి, మందులూ గుర్తింపు కార్డులూ వెంట తీసుకోండి అని చెప్పాలి. చరవాణిలో వచ్చిన ప్రతి వదంతిని ముందుకు పంపడం సేవ కాదు. తహసీల్దారు కార్యాలయాన్నో, అధికారిక ప్రకటననో అడిగి నిర్ధారించుకొన్న తరవాతనే బృందం పేరుతో ఏ వార్తనైనా పంపాలి. ఒక్క అబద్ధపు వార్త వెలువడిందంటే మరుసటిసారి చెప్పే నిజాన్ని ఎవరూ నమ్మరు.

7. నాయకుడు లేనినాడు

ఇక చీరాల కథలో మిగిలిన భాగాన్ని చూద్దాం. 1921లో రామనగర్ జీవితం సాగుతుండగా గోపాలకృష్ణయ్య బరంపురం వెళ్ళాడు. అక్కడ ప్రసంగించరాదని ప్రభుత్వం నిషేధాజ్ఞ జారీ చేసింది. ఆయన దానిని ధిక్కరించాడు. ఏడాది కారాగారశిక్ష పడింది. తిరుచిరాపల్లి జైలుకు పంపించారు. రామనగర్‌లో పాకలున్నాయి, ప్రజలున్నారు, వారి కష్టాలున్నాయి. ఆ కష్టాలకు అర్థం చెప్పి ధైర్యమిచ్చిన గొంతు మాత్రం లేదు. ధనం కరవైంది. ప్రజలు క్రమంగా తమ ఇళ్ళకు తిరిగి వెళ్ళారు. ఉద్యమం ముగిసింది. గోపాలకృష్ణయ్య 1928లో, నలభై ఏళ్ళు నిండకముందే కన్నుమూశాడు.

ప్రజల త్యాగాన్ని తక్కువచేయడానికి ఈ మాట చెప్పడం లేదు. పదకొండు నెలలు పాకలలో గడిపినవారి దీక్ష సామాన్యమైనది కాదు. ఉద్యమం ముగియడానికి ప్రభుత్వ నిర్బంధం, ఆర్థికమైన ఇబ్బందులు కారణాలే. అయితే యువనాయకులు గ్రహించవలసిన హెచ్చరిక కూడా ఇందులో ఉన్నది. ఎంతటి మహావక్త అయినా, అతని గొంతు ఒక్కటే ఆధారమైతే ఆ గొంతును మూయడమే ప్రత్యర్థికి సులభోపాయమవుతుంది.

గుంటూరు సమీపంలోని పెదనందిపాడు ఫిర్కాలో 1922 జనవరిలో సాగిన పన్నుల నిరాకరణోద్యమాన్ని దీని పక్కన ఉంచి చూడండి. ఆంధ్ర శివాజీ అని పేరు పొందిన పర్వతనేని వీరయ్య చౌదరి అక్కడ శాంతిసేన అనే సేవాదళాన్ని నిర్మించాడు. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చారు. ప్రభుత్వం ఆస్తులను జప్తుచేసి వేలం వేస్తే కొనేవారు కరవయ్యారు. వేలంపాటలో నోరు విప్పకపోవడం కూడా ఒక సందేశమే. ఒక్కరు చెప్పితే వచ్చే కట్టుబాటు కాదది. ఊరూరా ఆ మాటను తమదిగా చేసుకొన్నవారు ఉంటేనే సాధ్యమవుతుంది. 1922 ఫిబ్రవరిలో కాంగ్రెసు నాయకులు ఆ ఉద్యమాన్ని విరమింపజేశారు. పదండి ముందుకు అని చెప్పడంకన్నా, పట్టుదలతో ఉన్నవారితో ఇక ఆగుదాం అని చెప్పడం నాయకునికి ఎంతో కష్టమైన పని. అటువంటి మాటను దాచిపెట్టి, వంకలు చెప్పి, ఇతరుల ద్వారా వినిపించరాదు. కారణంతోసహా తానే ఎదుట నిలిచి చెప్పాలి. శిబిరం రద్దయినా, విరాళాలు చాలకపోయినా నేటి నాయకుడు చేయవలసినది అదే.

కనుక మీ బృందంలో ప్రతి సమావేశానికి ఒక్కరే అధ్యక్షత వహించవద్దు. వారానికొకరు నిర్వహించండి. మాట్లాడనివారిని పేరుపెట్టి పిలిచి అభిప్రాయం అడగండి. అమ్మాయిలు వెనక వరుసలో మౌనంగా మిగిలిపోతున్నారేమో చూడండి. తీసుకొన్న నిర్ణయాలను ఒక పుస్తకంలో రాసి, అందరికీ చదివి వినిపించండి. గ్రామపెద్దలను కలవడానికి వెళ్ళేటప్పుడు కొత్తవారినొకరిని వెంటబెట్టుకొని వెళ్ళి, మరుసటిసారి వారిచేతనే మాట్లాడించండి. మీరు జ్వరంతో ఇంట్లో ఉన్ననాడు శిబిరం ఎప్పటిలాగే జరిగిందని తెలిస్తే చిన్నబుచ్చుకోకండి. మీ నాయకత్వానికి అంతకుమించిన యోగ్యతాపత్రం మరొకటి లేదు.

కఠిన పదాలు – అర్థాలు

ఉత్తరువు = ఆజ్ఞ, ఆదేశం
జనసందోహం = జనసమూహం
ముదుసలి = వృద్ధుడు, వృద్ధురాలు
అనర్గళంగా = అడ్డు లేకుండా, ధారాళంగా
నట్టు = మాట తడబడు
కొలబద్ద = కొలిచే సాధనం, ప్రమాణం
నిర్మొగమాటంగా = మొగమాటం లేకుండా
తీక్ష్ణం = వాడియైనది, పదునైనది
కల్లం = పంటను నూర్చే లేదా ఆరబోసే చోటు
దండోరా = డప్పు వేసి చేసే చాటింపు
పలుపు = పశువును కట్టే తాడు
వదంతి = ఆధారం లేని వార్త, పుకారు
ఫిర్కా = కొన్ని గ్రామాలతో కూడిన రెవెన్యూ విభాగం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. చీరాల–పేరాల ఉద్యమాన్ని వివరించి, అది సేవాబృంద నాయకులకు నేర్పే పాఠాలను విశ్లేషించండి.
2. సూచనలలో స్పష్టత ఎందుకు అవసరమో మిరప సాగు, తుఫాను హెచ్చరికల ఉదాహరణలతో వివరించండి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. రామదండు అనే పేరులోని ఔచిత్యాన్ని తెలపండి.
2. హనుమంతుని మాటతీరులో రాముడు మెచ్చుకొన్న గుణాలు ఏవి?
3. ద్రుపద పురోహితుని మాటలు సభపై ఎటువంటి ప్రభావం చూపాయి?
4. పడవ గ్రంథాలయం ద్వారా పాతూరి నాగభూషణం సాధించినదేమిటి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. గాంధీజీ చీరాలకు ఎప్పుడు వచ్చాడు?
2. ఊరు విడిచిన చీరాల ప్రజలు తమ కొత్త నివాసానికి పెట్టుకొన్న పేరేమి?
3. శాంతిసేనను నిర్మించినవారు ఎవరు?
4. జాతీయ సేవా పథకం ఏ సంవత్సరంలో ప్రారంభమైంది?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు
1. సంభాషణలో చెప్పేవాడు కూడా వింటాడు.
2. సత్యం ఓడిపోలేదు కాని, వినేవారి చెవిదాకా చేరలేదు.
3. వేలంపాటలో నోరు విప్పకపోవడం కూడా ఒక సందేశమే.

V. సంధులు
సైన్యాధిపతి = సైన్య + అధిపతి – సవర్ణదీర్ఘ సంధి
సులభోపాయం = సులభ + ఉపాయం – గుణ సంధి
నాయకుడొకడు = నాయకుడు + ఒకడు – ఉత్వ సంధి

VI. సమాసాలు
మాటనేర్పు – మాటయందు నేర్పు – సప్తమీ తత్పురుష సమాసం
జనసందోహం – జనుల యొక్క సందోహం – షష్ఠీ తత్పురుష సమాసం
మధ్యమస్వరం – మధ్యమమైన స్వరం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
తల్లిదండ్రులు – తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం
రెండు మార్గాలు – రెండు సంఖ్యగల మార్గాలు – ద్విగు సమాసం

VII. కృత్యం
మీ ఊరిలోని ఒక సమస్యను ఎన్నుకోండి. దానిని గూర్చి ముగ్గురు పెద్దలను, ముగ్గురు కూలీలను, ముగ్గురు గృహిణులను కలిసి, వారు చెప్పినది మధ్యలో అడ్డుతగలకుండా వినండి. విన్నదానిని వారి మాటలలోనే రాసుకొని, తరగతిలో ఐదు నిమిషాలకు మించకుండా వివరించండి.